సుబేదార్లు, జమేదార్ల ఆచూకీకి వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డులు ఎంతవరకు పనికొస్తాయి?

బ్రిటిష్ హయాంలోని పదాతి పటాలాల్లో పనిచేసిన సుబేదారునో జమేదారునో ఇంటి నుంచే వెతకాలంటే మొదట తెరవాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. డబ్బు కట్టక్కర్లేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఇందులో ఉన్నాయి. పేరు, హోదా, పటాలం, మరణించిన తేదీ, ఏ స్మారకం మీద పేరు చెక్కారో చెబుతుంది. చాలా పేర్ల కింద పాత రిజిస్టర్ల స్కాన్లు కూడా పెట్టారు. అయితే ఇది చనిపోయినవాళ్ల జాబితా, అదీ రెండు కాలాలకే: 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. బతికి వచ్చి పెన్షన్ తీసుకున్న సుబేదారు ఇందులో దొరకడు. సుబేదార్లు, జమేదార్ల లాంటి ఇండియన్ ఆఫీసర్లలో ఎక్కువమంది బతికి వచ్చినవాళ్లే కాబట్టి ఈ సంగతి తెలియక చాలామంది గంటల తరబడి వెతికి, మన తాతగారి పేరు ఎక్కడా లేదని బాధపడతారు.

తెల్ల సైనికుడికైతే ఈ సైట్లో ఇంటిపేరు కొడితే చాలు. మన ఆఫీసర్ల విషయంలో అలా కాదు. ఆ సైన్యం ఎలా నడిచేదో కొంచెం తెలియాలి.

1914లో ఒక పదాతి పటాలం యుద్ధానికి బయలుదేరినప్పుడు సుమారు 13 మంది బ్రిటిష్ ఆఫీసర్లు, 17 మంది ఇండియన్ ఆఫీసర్లు ఉండేవారు. ఇండియన్ ఆఫీసర్లలో పైన ఒక్క సుబేదార్ మేజర్, ఆ తర్వాత సుబేదార్లు, కింద జమేదార్లు. వీళ్లకు కమిషన్, అంటే ఆఫీసరుగా నియామకం, ఇచ్చేది రాజు కాదు, వైస్రాయ్. ఎంత అనుభవమున్న సుబేదార్ మేజరైనా నిన్న చేరిన తెల్ల సెకండ్ లెఫ్టినెంట్ కింద ఉండాల్సిందే. బ్రిటిష్ సిపాయిలకు ఆర్డరిచ్చే అధికారం వీళ్లకు లేదు. ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీ ద్వారా భారతీయులకు రాజు కమిషన్ 1918 తర్వాతే మొదలైంది. 1932లో డెహ్రాడూన్ అకాడమీ తెరిచాక లెఫ్టినెంట్లు, కెప్టెన్లు ఇక్కడే తయారయ్యారు. కాబట్టి మొదటి యుద్ధంలో ‘ఇండియన్ ఆఫీసర్’ కోసం వెతికితే సుబేదారు, జమేదారు హోదాలు చూడాలి. రెండో యుద్ధంలో వీటితో పాటు లెఫ్టినెంట్ నుంచి పైకి కూడా చూడాలి.

ఈ రికార్డుల్లో సిపాయిల కంటే ఆఫీసర్లు తేలిగ్గా దొరుకుతారు. దానికి కారణం గౌరవించదగ్గది కాదు. మెసపొటేమియాలో పోయిన 40,000 మందికి పైగా సైనికుల కోసం కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ ఆఫీసర్లు, సిపాయిలు, ఇండియన్ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. ఇండియన్ సిపాయిలకు మాత్రం ప్రతి పటాలం కింద ‘ఇంతమంది’ అని అంకె వేసి వదిలేశారు. కమిషన్ వేసుకున్న ప్రత్యేక కమిటీ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికే ఈ వివక్షను ఒప్పుకుంది. మిగతావాళ్లతో సమానంగా స్మరించుకోనివారు 45,000 నుంచి 54,000 మంది, పేరు లేకుండానో అసలు ఏ గుర్తూ లేకుండానో మిగిలిపోయినవారు కనీసం 1,16,000 మంది అని లెక్క తేల్చింది. ఒక సంస్థ తన తప్పును ఇంత వివరంగా బయటపెట్టడం మెచ్చుకోవాల్సిన విషయం. రాతి మీద లేని సిపాయిల పేర్లు డేటాబేసులో చాలావరకు ఉన్నాయి కూడా. అయినా జమేదారు పేరు రాతి మీద ఉండి, ఆయన పక్కనే పడిపోయిన సిపాయి అంకెగా మిగలడం చదివితే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక వెతికే పద్ధతి. పేరుతో మొదలుపెట్టకండి. అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి ఇంటిపేరు, పేరు గడులు రెండూ ఖాళీగా వదిలేయండి. ఏ యుద్ధమో ఎంచుకోండి. ఏ దేశపు సైన్యం అన్న చోట ఇండియన్ అని పెట్టండి. రెజిమెంట్ గడిలో పటాలం పేరు ఇవ్వండి. తేదీ తెలిస్తే అటూ ఇటూ నెల రోజులు కలిపి ఇవ్వండి. వచ్చిన జాబితాను స్ప్రెడ్‌షీట్‌గా దించుకుని హోదా కాలమ్ ప్రకారం వరుస మార్చుకుంటే సుబేదార్లు, జమేదార్లు అందరూ ఒకచోటికి వస్తారు. పటాలానికి ఇండియన్ ఆఫీసర్లు పదిహేడు మందే కాబట్టి, చనిపోయి భర్తీ అయినవాళ్లను కలుపుకున్నా ఆ జాబితా చిన్నదే. పేర్లను కంటితోనే ఒక్కొక్కటి చూడొచ్చు. మన పేర్ల స్పెల్లింగ్ గొడవకు ఇంతకంటే మంచి మందు లేదు.

ఆ గొడవ మామూలుది కాదు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ల ఇంటిపేరు చాలాసార్లు రాయనే లేదు, ఒక్క పేరే రాశారు. ఆ పేరు కూడా ఎక్కువగా ‘సర్‌నేమ్’ గడిలోనే పడి ఉంటుంది. అందుకని పేరుతో వెతకాల్సి వస్తే మొత్తం పేరును సర్‌నేమ్‌లో పెట్టి, రెండో గడి ఖాళీగా వదలాలి. అప్పలస్వామి చివరి ‘స్వామి’ని ఎస్-డబ్ల్యూ-ఏ-ఎం-ఐ అని రాసేవారు, ఎస్-ఏ-డబ్ల్యూ-ఎం-వై అని కూడా రాసేవారు. వెంకటస్వామిలో ‘క’కు కొన్నిచోట్ల ‘కె’, కొన్నిచోట్ల ‘సి’ ఉంటుంది. లక్ష్మయ్య చివర ఐ-ఏ-హెచ్ ఉండొచ్చు, ఏ-వై-వై-ఏ ఉండొచ్చు. నాయుడులోని చివరి శబ్దానికి ‘యు’ ఒకటి, జంట ‘ఓ’ ఇంకొకటి. షేక్, మహమ్మద్‌లకైతే మూడేసి నాలుగేసి రూపాలున్నాయి. హోదా గడిలోనూ ఇదే జాగ్రత్త కావాలి. మనం సుబేదార్ అంటాం గానీ పాత ఇంగ్లిషు కాగితాల్లో ‘సుబాదార్’ అని ‘బి’ తర్వాత ‘ఏ’తో రాయడమే ఎక్కువ. రెండూ ప్రయత్నించాలి.

పటాలం పేరు పెట్టడంలోనే అసలు చిక్కు. 1903లో అప్పటి భారత సైన్యాధిపతి కిచెనర్ పటాలాల నంబర్లన్నీ మార్చినప్పుడు మద్రాసు పదాతి పటాలాల పాత నంబరుకు 60 కలిపారు. 3వ మద్రాసు పటాలం 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫెంట్రీ అయింది, 13వది 73వ కర్ణాటిక్ ఇన్‌ఫెంట్రీ అయింది. తాత 1890ల్లో చేరి 1914లోనూ కొలువులో ఉంటే ఆయన కాగితాల్లో రెండు నంబర్లు కనిపిస్తాయి. పటాలం మాత్రం ఒకటే. 62, 66, 67, 69, 72, 74, 76 లాంటి నంబర్లు కూడా ఒకప్పుడు మద్రాసువే. కానీ కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం పట్టుకుని దక్షిణాదివాళ్లను తీసేసి పంజాబీలను నింపి వాటిని ‘పంజాబీస్’ అని మార్చేశారు. కాబట్టి తెలుగు ఆఫీసరు కోసం 66వ పంజాబీస్ జాబితా మొత్తం తిరగేయడం వృథా శ్రమ. మొదటి యుద్ధానికి చూడాల్సినవి పాలంకోట, కర్ణాటిక్, వాలాజాబాద్ అన్న పేర్లున్న పటాలాలు, అంటే 63, 73, 75, 79, 80, 83, 86, 88. వాటితో పాటు 61, 64, 81 పయనీర్లు. పదాతి దాటితే మద్రాసు సాపర్లు, అంటే సైన్యపు ఇంజినీరింగ్ దళం.

నిజాం రాజ్యంలో ఉండిన హైదరాబాద్ కంటింజెంట్ పటాలాలు 94 నుంచి 99 వరకు నంబర్లు పొందాయి. 1922లో ఇవి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి, 1945లో అదే కుమావ్ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. పేరులో హైదరాబాద్ ఉంది కదా అని తెలంగాణవాళ్లు నిండుగా ఉంటారనుకోవద్దు. ఆ పటాలాల్లో ఉత్తరాదివారిదే పెద్ద పాలు.

1922 మార్పుల్లో మిగిలిన కర్ణాటిక్ పటాలాలు 3వ మద్రాసు రెజిమెంట్ కిందికి చేరాయి. కానీ 1928 నాటికి దాన్ని రద్దు చేశారు. మద్రాసు పయనీర్లూ 1933లో పోయారు. మళ్లీ రెండో యుద్ధం వచ్చి మనుషులు కావాల్సి వచ్చాకే, 1941-42 ప్రాంతంలో, మద్రాసు రెజిమెంట్‌ను తిరిగి లేపారు. అంటే 1935లో పదాతి దళ జమేదారుగా ఉండేవాడని ఇంట్లో చెప్పుకునే తెలుగు పూర్వీకుడు బహుశా సాపర్లలోనో సప్లై కోర్‌లోనో ఉండి ఉంటాడు. వెతికే చోటు మార్చుకోవాలి.

ఉదాహరణకు తూర్పు ఆఫ్రికాలోని టాంగా. 1914 నవంబరు మొదటి వారంలో అక్కడ దిగిన బెంగళూరు బ్రిగేడ్‌లో 63వ పాలంకోట, 98వ ఇన్‌ఫెంట్రీ, 101వ గ్రెనేడియర్లు ఉన్నారు. విడిగా 61వ పయనీర్లూ వెళ్లారు. ఓడల్లో వారాల తరబడి కుక్కి తీసుకెళ్లి, దింపగానే కొత్త మెషిన్‌గన్లతో తెలియని అడవిలోకి తోశారు. జర్మన్ సైన్యంతో అసలు పోరు నవంబరు 4న జరిగింది, అందులో ఓడిపోయారు. రెజిమెంట్ గడిలో పాలంకోట, తేదీ గడిలో నవంబరు 1 నుంచి 30 పెడితే ఆ రోజుల్లో పోయినవాళ్లు వస్తారు. గాయాలతో తర్వాత పోయినవాళ్లూ పట్టుబడాలంటే ఆ నెలంతా కావాలి. రాజకీయంగా ఆ ఓటమి నెపమంతా మద్రాసు పటాలం మీదికి నెట్టారు. ఆ పేర్ల జాబితా చూస్తూ ఆ నిందను చదివితే వేరేగా అనిపిస్తుంది.

సైట్ ఎంత సరిగా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ముందు తెలిసిన పేర్లతో పరీక్షించుకోవడం మేలు. బ్రిటిష్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన జమేదార్ అబ్దుల్ హఫీజ్, 9వ జాట్ రెజిమెంట్, 1944 ఏప్రిల్ 6న ఇంఫాల్ దగ్గర చనిపోయారు. ఇంఫాల్ ఇండియన్ ఆర్మీ వార్ సిమెట్రీలో సమాధి ఉంది. సుబేదార్ రిఛ్‌పాల్ రామ్, 6వ రాజపుతానా రైఫిల్స్, 1941 ఫిబ్రవరి 12న ఎరిత్రియాలోని కెరెన్‌లో పోయారు. ఆయనది దహన స్మారకం. ఈ తేడా గమనించండి. ముస్లిం, క్రైస్తవ ఆఫీసర్లకు సమాధి ఉండే అవకాశం ఉంది. హిందువులు, సిక్కులకు ఎక్కువగా దహన స్మారకం మీదో పెద్ద స్మారక ఫలకం మీదో పేరు మాత్రమే ఉంటుంది. ‘సమాధి ఫోటో ఎక్కడ’ అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఇక మొదటి భారతీయ విక్టోరియా క్రాస్ గ్రహీత ఖుదాదాద్ ఖాన్ కోసం వెతికితే దొరకరు. సుబేదారుగా విరమించి 1971 దాకా బతికారు. సైట్ లోపం కాదది.

ఏ స్మారకం కింద వెతకాలో యుద్ధరంగాన్ని బట్టి ఊహించవచ్చు. ఫ్రాన్స్, బెల్జియం అయితే నవ్ షాపెల్, 4,700కు పైగా పేర్లు. బ్రైటన్ ఆసుపత్రుల్లో పోయి అక్కడి కొండల మీద దహనం చేసిన 53 మంది పాచమ్ డౌన్ కింద ఉంటారు. ఈజిప్టు, పాలస్తీనా అయితే హీలియోపొలిస్ అని చూడాలి. పోర్ట్ తౌఫీక్‌లో కట్టిన అసలు స్మారకం యుద్ధాల్లో ధ్వంసమై 1980లో అక్కడికి మారింది. వాయవ్య సరిహద్దు, 1919 అఫ్గాన్ యుద్ధం అయితే ఢిల్లీ ఇండియా గేటు. రెండో యుద్ధంలో బర్మా అయితే తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం, సింగపూర్, మలయా అయితే క్రాంజి.

తప్పుదారి పట్టించే విషయాలు మరికొన్ని ఉన్నాయి. ఒక పటాలం ఆఫీసరును ఇంకో పటాలానికి పంపడం మొదటి యుద్ధంలో మామూలు. జమేదార్ మీర్ దస్త్ సొంత పటాలం 55వ కోక్స్ రైఫిల్స్. 1915 ఏప్రిల్ 26న బెల్జియంలోని ఈప్ర దగ్గర విక్టోరియా క్రాస్ గెలిచింది మాత్రం 57వ వైల్డ్స్ రైఫిల్స్‌తో ఉన్నప్పుడు. అలాంటివాళ్లను ఏ ఒక్క నంబరుతో వెతికినా తప్పిపోవచ్చు. అందుకే తేదీ, స్మారకం, హోదా ఈ మూడింటితో రెజిమెంట్ లేకుండా మరోసారి వెతకాలి. అలాగే ‘జమేదార్’ అని మాత్రమే పెడితే లేబర్ కోర్, కంచరగాడిదల దళాలు, గాయపడినవాళ్లను మోసే బేరర్ కోర్ జమేదార్లూ వచ్చి పడతారు. సైనిక ఆసుపత్రుల సబ్ అసిస్టెంట్ సర్జన్లకూ జమేదారు, సుబేదారు హోదాలుండేవి. మొదటి యుద్ధపు ఇండియన్ ఆఫీసర్ల పక్కన సర్వీస్ నంబరు లేకపోతే కంగారు పడొద్దు, వాళ్లకు సాధారణంగా ఉండేది కాదు.

ఊరి పేరుతో వెతకడానికి ‘అదనపు సమాచారం’ గడి పనికొస్తుంది. ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని అందులో ఉంటుంది. రెండో యుద్ధపు పేర్లకు ఇది బాగా నింపి ఉంది, మొదటి యుద్ధానికి పలచగా ఉంది. ఊరి పేరు ఇప్పటి స్పెల్లింగుతో కొడితే ఏమీ రాదు. శ్రీకాకుళానికి చికకోల్, విజయవాడకు బెజవాడ, కాకినాడకు కోకనాడ, ఏలూరుకు ఎల్లోర్, భీమునిపట్నానికి బిమ్లిపటం, విశాఖకు వైజాగపటం అని పాత ఇంగ్లిషు రూపాలే పెట్టాలి. జిల్లా విషయంలో ఇంకో మెలిక: శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలోనూ, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలోనూ ఉంది. విడి జిల్లా అయింది 1950లో. అసలు రెండు యుద్ధాల కాగితాల్లో ‘శ్రీకాకుళం జిల్లా’ అన్నదే ఉండదు.

బతికి వచ్చినవాళ్ల కోసం ఈ సైట్ మూసేసి ఇండియన్ ఆర్మీ లిస్టులు తెరవాలి. చాలా సంవత్సరాల సంపుటాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. ప్రతి పటాలం పేజీలో బ్రిటిష్ ఆఫీసర్ల కింద సుబేదార్లు, జమేదార్ల పేర్లు, హోదా వచ్చిన తేదీలు ఉంటాయి. వరుసగా నాలుగైదు సంవత్సరాల సంపుటాలు చూస్తే ఎప్పుడు జమేదారయ్యాడో, ఎప్పుడు పేరు మాయమైందో తెలుస్తుంది. మాయమైన సంవత్సరం యుద్ధకాలమైతే వార్ గ్రేవ్స్‌కు రండి, కాకపోతే పెన్షన్ అనుకోండి. పాత ముద్రణ మీద కంప్యూటర్ అక్షరాల గుర్తింపు ఘోరంగా ఉంటుంది కాబట్టి పేరు కొట్టి వెతకడం కంటే పటాలం పేజీకి నేరుగా వెళ్లడమే నయం. పంజాబువాళ్లకు లాహోర్ మ్యూజియం రిజిస్టర్ల నుంచి ఊరివారీగా 3,20,000 మంది సైనికుల వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టడం 2021లో మొదలైంది. అందులో మన జిల్లాల ఊళ్లు లేవు. మనకు ఆర్మీ లిస్టులే దిక్కు.

ఇంట్లో పాత ఫోటో ఉంటే మెడలో చూడండి. రిబ్బనుకు వేలాడే నక్షత్రంలాంటి పతకం మెడలో ఉంటే అది ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా. 1837లో పెట్టిన ఈ బిరుదు ఇండియన్ ఆఫీసర్లకే ఇచ్చేవారు. మొదటి తరగతి అయితే ‘సర్దార్ బహదూర్’, రెండోదైతే ‘బహదూర్’. ఇది ఉంటే ఆయన ఆఫీసరే అన్నది ఖాయం, వెతుకులాట సగం తగ్గుతుంది. ఎదురు చిక్కు తెలంగాణ కుటుంబాలది. నిజాం పాలనలో సుబేదారు అంటే సుబాకు, అంటే కొన్ని జిల్లాల విభాగానికి, అధిపతి, సివిల్ అధికారి. ఇంటి కథలో ‘సుబేదారు’ అని ఉన్నంత మాత్రాన సైన్యంలో వెతకడం మొదలుపెట్టకూడదు.

మొత్తం మీద యుద్ధంలో పోయిన ఇండియన్ ఆఫీసరు కోసమైతే ఇంతకు మించిన ఉచిత సేవ లేదని నిస్సంకోచంగా చెప్పొచ్చు. సిపాయి కోసమైతే సగమే, బతికి వచ్చినవారికి సున్నా. సైట్‌లో పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లోనే వెతకాలి, భారతీయ పేర్ల రూపాలన్నిటినీ కలిపి వెతికే సౌకర్యం లేదు. శతాబ్దం కిందటి వివక్షను సరిదిద్దుతామంటున్న సంస్థ ఆ ఒక్కటి చేసి పెడితే వేల కుటుంబాలకు మేలు జరుగుతుంది.

పేరు తప్పుగా ఉన్నా, అసలు లేకపోయినా కమిషన్‌కు రాయవచ్చు. ఉత్తరంలో హోదా, పటాలం, మరణించిన తేదీ స్పష్టంగా ఉండాలి. సైన్యంలో ఉండగా పోయారని గానీ, విడుదలయ్యాక సేవలో తగిలిన గాయం వల్లో జబ్బు వల్లో పోయారని గానీ చూపే ఆనాటి కాగితం జతచేయాలి. కుటుంబ పెన్షన్ పత్రం, డిశ్చార్జి సర్టిఫికెట్, ఆర్మీ లిస్టు పేజీ లాంటివి పనికొస్తాయి. సేవలో ఉండగా మలేరియా, 1918 ఇన్‌ఫ్లుయెంజా లాంటి జబ్బులతో పోయినవాళ్లూ అర్హులే, తూటా తగిలి ఉండాలని లేదు. ఇంట్లో చెప్పుకునే మాట ఒక్కటే పంపితే కేసు ముందుకు కదలదు.